బంతి పడిన చోటు

పెద్దల్లుడు గదిలోకి వచ్చాడంటే కూర్చున్నవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చునేవారు. ఆరడుగుల మనిషి, నగారా లాంటి గొంతు. ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి, నిరుడు పైవాళ్ళతో గొడవపడి ఉద్యోగం మానేసిన ఇంజనీరు. ఏటికి ఇవతల నిలబడి కేకేస్తే అవతలి ఒడ్డున కూలీలు పలుగులు అందుకునేవారని ఆయనే చెప్పుకునేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అయినా అత్తమామలకి ఆయనంటే కొండంత ధైర్యం.

చిన్నల్లుడిది బస్టాండు ఎదురుగా కళ్ళజోళ్ళ దుకాణం. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ, 'ఇప్పుడు ఈ అక్షరం కనబడుతోందాండీ' అని మెల్లగా అడిగి అడిగి, అతని గొంతు ఆ స్థాయిలోనే ఆగిపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తోడల్లుడి ముందు అతను పూర్తిచేసిన వాక్యాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "మా తమ్ముడు గాజుముక్కలు అమ్ముకుని హాయిగా బతికేస్తున్నాడు, అదృష్టవంతుడు" అని పెద్దాయన నలుగురిలో అనేవాడు. నలుగురూ నవ్వేవారు. చిన్నల్లుడూ నవ్వేవాడు. నవ్వి, ఇంటికొచ్చాక భార్య మీద విసుక్కునేవాడు.

అలాంటి పెద్దాయన, తన పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండాయని ఈ ఏడు ద్వీపానికి ప్రయాణం పెట్టాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ, తోడల్లుళ్ళిద్దరూ, వారం రోజులు. చిన్నల్లుడు వస్తేనే తాను కదులుతానని పట్టుబట్టాడు.

"అక్కడ ఏడిపించడానికి మనిషి దొరకడని కాబోలు" అన్నాడు చిన్నల్లుడు భార్యతో.

"బావగారు అంత ప్రేమగా పిలుస్తుంటే వంకలు పెడతారేం?" అందామె. పెట్టె సర్దక తప్పలేదు.

పడవ దిగగానే రేవులో అద్దెకు తీసుకున్న కారుని పెద్దాయనే నడిపాడు. ఇంకొకరి చేతికి స్టీరింగు ఇవ్వడం ఆయన ఇంటా వంటా లేదు. హోటలు గేటు దగ్గర కారు రాతి స్తంభాన్ని రాసుకుంటూ పోయింది. డ్రైవరు వైపు అద్దం ఊడి వేలాడింది. "ఈ స్తంభం పాతినవాడెవడో గానీ ఇంజనీరింగు చదివినవాడు కాదు!" అని పెద్దాయన పెద్దగా నవ్వాడు. వెనక సీట్లో అక్కాచెల్లెళ్ళు కూడా నవ్వారు.

మూడో రోజు పొద్దున్నే ఆరింటికి చిన్నల్లుడి గది తలుపు దబదబా మోగింది.

"లే తమ్ముడూ! గోల్ఫ్‌కి వెళ్తున్నాం."

"నాకు ఆ ఆట రాదన్నయ్యా."

"నిన్నెవడు ఆడమన్నాడు? ఆడేది నేను. బంతి ఎక్కడ పడిందో చూసి చెబుతుండు, చాలు. కళ్ళ దుకాణం వాడివి, ఆ మాత్రం చూడలేవా?"

ఆడవాళ్ళిద్దరూ అడుగున అద్దం బిగించిన పడవలో చేపల్ని చూడటానికి వెళ్తున్నారు. చిన్నల్లుడికి ఆ చేపల మీదే మనసు. కానీ నోరు విప్పి చెప్పలేక, టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

ద్వీపం కొస మీద, మూడు పక్కలా సముద్రం ఉన్న గుట్టంతా గోల్ఫ్ మైదానమే. కొత్తగా క్షవరం చేయించుకున్న తలలా నున్నటి పచ్చిక. మధ్యమధ్య కొబ్బరిచెట్లు, ఇసుక గుంటలు, ఒక చెరువు. ఎక్కడో దూరంగా గాలికి కొట్టుకునే చిన్న జెండా. ఆ జెండా పాతిన కన్నంలోకి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో కోడిగుడ్డంత బంతిని చేర్చాలి. అలాంటివి పద్దెనిమిది.

"కేడీ కుర్రాణ్ణి పంపమంటారా? సంచి మోసి, బంతులు వెతికిపెడతాడు" అని అడిగాడు గుడిసెలో చీటీలిచ్చే మనిషి.

"అక్కర్లేదు. మా తమ్ముడున్నాడు."

కర్రల సంచి వెనక పెట్టుకుని, ఇద్దరు కూర్చునే బ్యాటరీ బండి ఒకటి ఇచ్చారు. పెద్దాయన వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాడు. "నువ్వే నడుపు" అన్నాడు. చిన్నల్లుడు తన చెవుల్ని తానే నమ్మలేక ఒకటికి రెండుసార్లు అడిగి మరీ స్టీరింగు పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ చూసి చిన్నల్లుడు నోరు తెరిచాడు. అంత భారీ మనిషి నడుం తిప్పి కర్ర ఝళిపిస్తే, గాలి చీరినట్టు చప్పుడై బంతి ఆకాశంలోకి లేచిపోయింది. పెద్దాయన కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తృప్తిగా చూస్తూ నిలబడ్డాడు. "అదీ దెబ్బంటే! సూటిగా నడిమధ్యలో!"

బంతి ఎడమవైపు కొబ్బరిచెట్ల కింద పడింది.

"ఎడమవైపుకి పోయిందన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు భయపడుతూనే.

"తెలుసులే. గాలి తోసింది."

రెండో కన్నం దగ్గరా అదే వరస. మూడో చోట బంతి కుడివైపు ఇసుకలో పడితే ఆయన ఎడమవైపు చూస్తూ మెచ్చుకున్నాడు. దెబ్బల లెక్క రాసే అట్ట చిన్నల్లుడి ఒళ్ళో పడేశాడు, చేతికి చెమట పట్టిందని. టీ కొట్టు దగ్గర గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన పట్టిక ఎదురుగా నిలబడి, "ఏమున్నాయో నువ్వే చూసి ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. తిండి విషయంలో ఆయన ఇంకొకరి మాట వినడం చిన్నల్లుడు పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అయిదో కన్నం దగ్గర విషయం బయటపడింది. బంతి జెండాకి పది అడుగుల్లో ఉంది. మెల్లగా తోస్తే చాలు. పెద్దాయన జెండా దగ్గర నుంచి బంతి వరకూ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. వంగి, ధాన్యం గింజని చూసే కోడిలా తల పక్కకి వంచి చూశాడు.

దుకాణంలో ఆ చూపుని చిన్నల్లుడు వందసార్లు చూసి ఉంటాడు. గోడ మీది అక్షరాలు చదవమంటే కొందరు అలాగే తల తిప్పి, కంటి కొసతో చదవబోతారు. అలాంటివాళ్ళకి అతను కళ్ళజోడు అమ్మడు. చీటీ రాసి కంటి ఆస్పత్రికి పంపిస్తాడు. చూపు నడిమధ్యలో మచ్చపడ్డవాళ్ళు వాళ్ళు. చుట్టూ ఉన్నదంతా కనబడుతుంది, చూడాలనుకున్నది మాత్రం కనబడదు.

నిజం చెప్పుకోవాలంటే, ఆ క్షణంలో అతనికి జాలి కలగలేదు. గాజుముక్కలవాడికి ఇన్నాళ్ళకి పైచెయ్యి దొరికిందన్న సంతోషం ఒకటి కడుపులో గిలిగింత పెట్టింది. అయినా అది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది.

ఏడో కన్నం దగ్గర పెద్దాయన కొట్టిన బంతి గాలికి వంకరపోయి, కుడిపక్క పొదల్లోకి దూరింది. చిన్నల్లుడు చప్పట్లు కొట్టాడు.

"జెండా పక్కనే పడిందన్నయ్యా! మూరెడు దూరం, అంతే!"

పెద్దాయన మొహం వెలిగిపోయింది. కర్రతో సహా రెండు చేతులూ పైకెత్తాడు. "చూశాను! పడటం చూశాను తమ్ముడూ! ఇంకొంచెం దొర్లితే లోపలే పడేదది!" అంటూ వచ్చి చిన్నల్లుణ్ణి గట్టిగా కావలించుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. "జన్మలో ఇలాంటి దెబ్బ కొట్టలేదురా! మీ వదినకి నువ్వే చెప్పాలి, నేను చెబితే కోతలు కోస్తున్నానంటుంది."

బండి కూడా ఎక్కకుండా ఆయన చిన్నపిల్లాడిలా పెద్దపెద్ద అంగలతో జెండా వైపు వెళ్ళిపోయాడు. చిన్నల్లుడు బండి దగ్గరే నిలబడి చూశాడు. ఆయన జెండా చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. వంగి, తల అటూ ఇటూ వంచి, పచ్చికని అరచేత్తో తడిమాడు.

గిలిగింత పెట్టిన సంతోషం చిన్నల్లుడికి చేదెక్కింది. గబగబా నడిచి దగ్గరికి వెళ్ళాడు.

"అన్నయ్యా, అక్కడ లేదు. వెతక్కండి. బంతి పొదల్లో పడింది. నేను అబద్ధం చెప్పాను."

పెద్దాయన నడుం ఎత్తలేదు. "ఎందుకు?"

"మీకు కనిపిస్తోందో లేదో తెలుసుకుందామని."

ఇప్పుడు నగారా మోగుతుందని చిన్నల్లుడు భుజాలు బిగబట్టుకున్నాడు. మోగలేదు. ఎప్పుడూ వినని చిన్న గొంతు ఒకటి అడిగింది.

"తెలిసిందా?"

సముద్రం మీద నుంచి వాన చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. ఇద్దరూ తడుస్తూ పచ్చిక కోసే మిషన్లు పెట్టుకునే రేకుల షెడ్డులోకి పరిగెత్తారు. పెద్దాయన గడప తట్టుకుని తూలితే, చిన్నల్లుడు జబ్బ పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాడు. రేకుల మీద వాన మోతకి దగ్గరగా జరిగి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

"ఎన్నాళ్ళయింది?"

"కుడికన్ను పోయి ఏడాదిన్నర. ఎడమది ఈ వేసవిలో మొదలైంది."

"అయితే ఉద్యోగం మానేసింది పైవాళ్ళతో గొడవపడి కాదన్నమాట."

"గొడవా లేదు, గాడిదగుడ్డూ లేదు. నక్షాలో గీతలు వంకర్లు తిరగడం మొదలుపెట్టాయి. ఒకనాడు ఒక స్తంభం కొలత తప్పు చదివేశాను. నా కింద పనిచేసే అమ్మాయి చూసి సరిచేసింది. చూడకపోతే? ఎంతమంది నడిచే వంతెన అది! ఆ సాయంత్రమే రాజీనామా రాసిచ్చేశాను. గొడవపడ్డానంటే అందరూ నమ్మారు. నేను అలాంటివాణ్ణే కదా."

"డాక్టరు ఏమన్నారు?"

"కంట్లోకి ఇంజెక్షన్ వేస్తారట. నెలకొకటి. ఒకటి వేయించుకున్నాను. మళ్ళీ ఆ ఛాయలకి పోలేదు."

చిన్నల్లుడు దిగ్గున లేచాడు. "బుద్ధుందా మీకు?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించడానికి అతనికి కొంచెంసేపు పట్టింది. కానీ ఒకసారి గేటు తెరుచుకున్నాక ఆగలేదు. "ఆ ఇంజెక్షన్లతో ఉన్న చూపు నిలబెట్టుకున్నవాళ్ళు మా దుకాణానికి రోజూ వస్తారు. పేపరు చదువుతున్నారు, మనవలకి లెక్కలు చెబుతున్నారు. మీరేమో ఏడాదిన్నర మేకపోతు గాంభీర్యంతో గడిపేశారు! కుడికన్ను ఎలాగూ పోయింది. ఎడమది కూడా చేతులారా పోగొట్టుకుంటారా?"

"సూది కంటి మీదకి వస్తుంటే కళ్ళు మూసుకోవడానికి ఉండదు తమ్ముడూ" అన్నాడు పెద్దాయన. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. "ఎదురుగా చూస్తూ ఉండాలి. నాకు భయమేసింది. ఆ మాట ఎవరితో చెప్పుకోను? మీ వదినతోనా? మామగారితోనా?"

చిన్నల్లుడి కోపం సగంలో ఆగింది. మళ్ళీ పక్కన కూర్చున్నాడు.

"మరి నన్నెందుకు పట్టుబట్టి తీసుకొచ్చారు?"

"నువ్వు కనిపెడతావని." పెద్దాయన తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని అన్నాడు, "కనిపెట్టకపోతే బాగుండుననీ."

వాన కాస్త నెమ్మదించింది. చిన్నల్లుడు చెయ్యి చాపాడు. "రేపు కొండ మీదికి కారులో అందర్నీ తీసుకెళ్తానన్నారు. తాళాలు ఇటివ్వండి."

పెద్దాయన జేబులోంచి తాళాలు తీసి అతని అరచేతిలో పెట్టాడు. "నీ డ్రైవింగులో కూర్చోవాలా? దానికన్నా గుడ్డితనమే నయం" అన్నాడు. అప్పటికి ఆ గొంతులో కొంచెం పాత మనిషి వినిపించాడు. "ఇచ్చేశాను కదా, ఇంక మీ వదినకి చెప్పకు."

"నేను చెప్పను. మీరే చెబుతారు. ఇవాళే."

వాన వెలిశాక హోటలుకి పోదామన్నాడు చిన్నల్లుడు. ఇంకొక్కటి ఆడిపోదామన్నాడు పెద్దాయన. ఎనిమిదో కన్నం. ఈసారి చిన్నల్లుడు ఉన్నదున్నట్టు చెప్పాడు. "రెండు కొబ్బరిచెట్లున్నాయి. కుడిచెట్టు మొదట్లో పడింది. జెండాకి అడ్డం ఏమీ లేదు, గాలి ఎడమనుంచి వస్తోంది." పెద్దాయన తలాడించి కొట్టాడు. ఆఖరి దెబ్బకి చిన్నల్లుడు వెళ్ళి కన్నం దగ్గర గొంతుక్కూర్చుని జెండాకర్రని లోపల టకటకా కొట్టాడు. ఆ చప్పుడు వైపు బంతి దొర్లుకుంటూ వచ్చి, కన్నం అంచున జారి, జానెడు దాటిపోయింది.

"పడిందా?"

"లేదన్నయ్యా. జానెడు దాటింది."

"నిజమేనా?"

"నిజం."

"సరే. కొట్టు ఆ కర్ర" అన్నాడు పెద్దాయన. రెండో తోపుకి బంతి లోపల టక్కుమని పడింది.

హోటల్లో రెండు గదులకీ కలిపి ఒకే వరండా. అక్కాచెల్లెళ్ళు అప్పటికే వచ్చి, తడిజుట్టు ఆరబెట్టుకుంటూ, చూసిన చేపల రంగులు ఒకదానిమీద ఒకటి పోటీపడి చెబుతున్నారు. పెద్దాయన కూర్చోలేదు. రాజీనామా చదివి వినిపిస్తున్నట్టు నిలబడే చెప్పేశాడు. కుడికన్ను, ఎడమకన్ను, ఇంజెక్షను, ఉద్యోగం. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

వదిన దువ్వెన పక్కన పెట్టింది.

"ఏడాదిన్నరా?"

"ఊఁ."

"అందుకా నాతో మాట్లాడుతూ పక్కకి చూస్తారు?"

"నీ మొహం కనబడాలంటే నీ చెవి వైపు చూడాలే. తిన్నగా చూస్తే నువ్వుండవు."

ఆమె లేచి నిలబడింది. "నేనేమనుకున్నానో తెలుసా? నా మొహం చూడబుద్ధి కావట్లేదనుకున్నాను. ముసలిదాన్నయిపోయాననుకున్నాను. ఎవతో ఉందని కూడా అనుకున్నాను! అద్దం ముందు నిలబడి ఎన్నిసార్లు ఏడ్చానో దీన్నడగండి!"

చెల్లెలు తల దించుకుంది. చిన్నల్లుడు ఆశ్చర్యంగా భార్య వైపు చూశాడు. ఎన్నో మధ్యాహ్నాలు ఫోను పట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుతుంటే, అక్కాచెల్లెళ్ళకి ఊసుపోక అనుకున్నాడు తను. ఈ బరువంతా తన ఇంట్లోనే మోస్తూ, ఆమె ఒక్కనాడూ తనతో అనలేదు.

పెద్దాయన మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు. "ఎవతో ఉందా? నాకా?" అన్నాడు నిజమైన విస్మయంతో. "ఈ గొంతు భరించడానికి నువ్వు కాకుండా లోకంలో ఇంకొకతి దొరుకుతుందంటే?"

వదిన ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే కుర్చీ మీది తడితువ్వాలు తీసి ఆయన్ని భుజం మీద రెండు బాదింది. తర్వాత ఆయన మొహం రెండు చేతులతో పట్టుకుని పక్కకి తిప్పి, "ఇలాగా? ఇలా తిప్పితే కనబడతానా?" అని అడిగింది. చిన్నల్లుడి భార్య మొగుడి చొక్కా పట్టుకుని మెల్లగా గదిలోకి లాగింది.

మిగతా రోజులు రద్దు చేసుకుని మర్నాడే బయల్దేరారు. రేవు దాకా చిన్నల్లుడే కారు నడిపాడు. తడబడి మలుపుల దగ్గర అవసరం లేకపోయినా హారను కొట్టాడు. "మనల్ని దాటిపోతున్నది నడిచిపోయేవాళ్ళా తమ్ముడూ?" అని పక్కనుంచి అడిగాడు పెద్దాయన. "అవును, వాళ్ళకి తొందరున్నట్టుంది" అన్నాడు చిన్నల్లుడు. వెనక సీట్లో ఆడవాళ్ళు నవ్వుతుంటే ఈసారి అతనికి గుచ్చుకోలేదు.

కుడికన్ను తిరిగి రాలేదు. రాదని ముందే చెప్పారు. ఎడమకన్ను ఉన్నచోట నిలబడింది. మూడో ఇంజెక్షన్ నాటికి గోడ మీది పట్టికలో ఇంకొక వరస అదనంగా చదవగలిగాడు. చిన్నల్లుడు దుకాణంలోంచి పెద్ద భూతద్దాలు, టేబుల్ దీపం తీసుకెళ్ళి ఆయన గదిలో బిగించాడు. కంటి కొసతో చదవడం ఎలాగో ఓపిగ్గా నేర్పాడు. పెద్దాయన మంచి విద్యార్థి కాదు. విసుక్కునేవాడు, అద్దం తయారుచేసినవాణ్ణి తిట్టేవాడు, మళ్ళీ మర్నాడు పొద్దున్నే ఫోను చేసి "ఎన్నింటికొస్తావ్?" అనేవాడు.

ఆస్పత్రికి ప్రతిసారీ వదినతోపాటు చిన్నల్లుడూ వెళ్ళేవాడు. నాలుగోసారి వెళ్ళినప్పుడు వరసలో పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. మొదటిసారట. చేతిసంచిని గుండెలకి అదుముకుని వణికిపోతోంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"భయపడకండమ్మా! చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నేను మూడు నెలలుగా వేయించుకుంటున్నాను. మొదటిసారి నేనసలు కదల్లేదు, డాక్టరుగారే ఆశ్చర్యపోయారు. కావాలంటే మా తమ్ముణ్ణి అడగండి. కళ్ళ సంగతులన్నీ తెలిసినవాడు. ఊళ్ళో సగం మంది ఇతని చలవ వల్లే దారి చూసుకుని నడుస్తున్నారు."

పెద్దావిడ చిన్నల్లుడి వైపు ఆశగా చూసింది. మూడుసార్లూ పెద్దాయన తన వేళ్ళని నలిపేసిన సంగతి చిన్నల్లుడికి గుర్తుంది.

"అవునమ్మా" అన్నాడతను. "ఆయన చెప్పింది నిజమే. అట్టే నొప్పుండదు."

నర్సు తలుపు తీసి పిలిచింది. పెద్దాయన లేచి, చొక్కా సర్దుకుని, ఆవిడ వైపు చూసి ధీమాగా నవ్వాడు. వెనక్కి చెయ్యి చాపి, ఆవిడకి కనబడకుండా, తోడల్లుడి మణికట్టు గట్టిగా పట్టుకుని లోపలికి నడిచాడు.